గుండె కాదు, ఊపిరి

నాయనా,

నువ్వు పోయిన ఐసీయూలోనే ఇప్పుడు నేను కేసు షీట్లు చూసి, ఏ జబ్బుకు ఏ నంబరో ఆ కోడ్లు వేస్తాండా. జరిగిందాన్ని ఒక్కో డాక్టరు ఒక్కో తీరుగా రాస్తాంటే, ఇకమీద అందరూ ఒకే తీరుగా రాయాలని ఆస్పత్రి పెద్దోళ్లు అన్నారు.

పొద్దున గార్లదిన్నె నుంచి తెచ్చిన ఒకాయమ్మకు ఊపిరి ఆగిపోయింది. గొంతులో గొట్టం వేసి బతికించినారు. డాక్టరు మాత్రం అలవాటుగా "గుండె ఆగింది" అని రాసినాడు.

"నాడి కొట్టుకుంటానే ఉండె గద సార్? షీట్లో నర్సు రాసిందే," అంటి నేను.

"రెండూ ఒకటేలేమ్మా!"

"యాడ ఒకటి సార్? డ్యూటీ మారి వచ్చేటోళ్లు గుండెనే చూస్తా కూచుంటారు. మళ్లా ఊపిరి ఆగితే?"

నేను ఫైలు వదల్లేదు. ఆయన విసుక్కుంటానే కొట్టేసి, ఊపిరి అని రాసినాడు.

నీ చావు కాగితంలో ఇప్పటికీ "గుండె ఆగింది" అనే ఉండాది. ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకోనున్నింది నేనే. ఊపిరి ఆగినాక గూడా నీ నాడి నా వేళ్ల కింద కొట్టుకుంటానే ఉండె, నాయనా.