ఇంటి మీద రాష్ట్రం పేరు

కొండవీధి,
సెప్టెంబరు 27

ప్రియమైన తౌనోకి,

నీ లెంపి రాస్తున్నది. ఇక్కడ నేనూ, పిల్లీ, ఇల్లూ కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నానని రాశావు. ఆ మాట ఎంతవరకు నిజమో కిందికి వెళ్ళాక చూద్దాం.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నీకు వినబడదు. వినబడని ప్రతిదానికీ "సరే, సరే" అంటావు. ఈ సంగతికి నువ్వు వినకుండా సరే అనడం నాకు ఇష్టం లేదు. నిదానంగా చదువు.

ముందు నువ్వడిగినవి. పైకప్పు మీది నాచు గీకించాను. ఆవిరిస్నానం గది పొయ్యి గొట్టం శుభ్రం చేయించాను. నా మోకాలు వానకు ముందే వాన కబురు చెబుతోంది, అంతకు మించి బాధ లేదు. పక్కింటి కొత్తవాళ్ళెలా ఉన్నారన్నావు. శుక్రవారం వస్తారు, ఆదివారం పోతారు. వాళ్ళ కుక్కకి వానకోటు ఉంది. మంచివాళ్ళే పాపం, మొన్న ఏలకుల రొట్టె ఇస్తే గిన్నె తోమి తిరిగిచ్చారు. కానీ అలాంటివాళ్ళు వచ్చి ఆ ధరలు పెట్టి కొన్నందుకే వీధి మొత్తానికి విలువ పెరిగింది. మనం అదే వంటింట్లో అదే కాఫీ తాగుతున్నాం, ఇంటిపన్ను మాత్రం గొప్పవాళ్ళది కట్టమంటున్నారు.

ఇక అసలు ప్రశ్న. "ఈ కోడియాక్ దీవిలో వేసవి చేపల పని అయిపోయింది. పీతల కాలం కూడా ఉండిపోతే మార్చికల్లా ఇంకో ఏడాది పన్ను చేతిలో ఉంటుంది. ఏమంటావు?" అని అడిగావు.

వద్దంటాను.

కారణం ఒకటి చెబుతాను, కోప్పడకు. పోయిన మంగళవారం బెనిగ్నో ఫోన్ చేశాడు. నీ గదిలో పైమంచం మీద పడుకునే బెనిగ్నోనే. "అమ్మా, నేను చెప్పానని ఆయనకు చెప్పకండి" అంటూ మొదలుపెట్టాడు.

"ఏం చేశాడయ్యా?" అన్నాను.

"ఇంజను గది మెట్ల మీద జారిపడ్డారమ్మా. మూడు వారాలైంది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. చొక్కా నేనే తొడుగుతున్నాను."

"డాక్టరుకి చూపించాడా?"

"మీ ఆయన డాక్టరుకి చూపించే మనిషేనా అమ్మా? చేపనూనె రాసుకుని ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు."

నువ్వేమో నాకు అక్కడి సూర్యాస్తమయం గురించి ఒక పేజీ రాశావు! నలభై నాలుగేళ్ళలో సూర్యుడి గురించి ఒక్క ముక్క మాట్లాడని మనిషివి. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఇప్పుడు పన్ను సంగతి. జిల్లా కార్యాలయంలో ఇళ్ళకు విలువ కట్టే విభాగానికి వెళ్ళాను. బల్ల వెనక ఎవరున్నారనుకున్నావు? రోండా. నేను స్కూలు బస్సు నడిపే రోజుల్లో వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి నారింజ తొక్కలు విసిరేది, ఆ రోండా. ఇప్పుడు దానికి యాభై దాటాయి, కళ్ళజోడు గొలుసు కూడా వేసుకుంది.

"లెంపి గారూ! నన్ను రెండుసార్లు బస్సు దింపేశారు, గుర్తుందా?"

"రెండుసార్లూ తప్పు నీదే."

"అదే గొంతు! కూర్చోండి, కూర్చోండి."

పెద్దవాళ్ళ ఇంటిపన్ను వాయిదా వేసే ఫారం కావాలన్నాను. ఇచ్చింది. నేను కలం తియ్యలేదు. "ఇది దానమైతే నాకొద్దు" అన్నాను.

"దానమెవరిస్తారండీ ఈ రోజుల్లో? ఇది అప్పే. మీ బదులు రాష్ట్రం పన్ను కడుతుంది. ఆ మొత్తం ఇంటి మీద రాసుకుంటుంది, వడ్డీ కూడా పడుతుంది. ఇల్లు అమ్మినప్పుడో, మీరు ఆ ఇంట్లో ఉండడం మానేసినప్పుడో తీసుకుంటుంది. అందాకా దీనికోసం మీ తలుపు ఎవరూ తట్టరు."

"నేను ముందు పోతే మా ఆయన్ని బయటికి పంపేస్తారా?"

రోండా కళ్ళజోడు తీసింది. "అర్హత ఉంటే ఆయన తన పేరున కొనసాగించుకోవచ్చండీ. ఆయనకు వయసెంత?"

"అరవై తొమ్మిది. పన్నెండేళ్ళవాడిలా ఉంటాడు."

"అది ఫారంలో అడగలేదు లెండి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు సంతకం పెట్టాను.

తౌనో, ఆ సంతకం మొన్న జరిగిందనుకుంటున్నావు కదూ. కాదు. మే నెల ఇరవై మూడున జరిగింది. నువ్వు బయలుదేరింది జూన్ ఐదున. నీ చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దుతున్నప్పుడు ఆ ఫారం నకలు పిండి డబ్బా వెనకే ఉంది.

మంజూరవుతుందో లేదో తెలియకుండా చెప్పడమెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నీ మొహం చూస్తూ ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోవడం. బ్యాంకువాళ్ళు వచ్చి మీ నాన్న ఆవుల్ని ఒక్కొక్కటే లారీ ఎక్కిస్తుంటే నువ్వు కంచె పట్టుకుని నిలబడ్డ సంగతి పెళ్ళికి ముందే చెప్పావు. "ఇంటి మీద ఇంకొకడి పేరు రాయించడమంటే తాళంచెవి వాడి చేతికివ్వడమే" అనేవాడివి. ఇల్లు మా అమ్మ నాకిచ్చింది కాబట్టి నీ సంతకం అవసరం రాలేదు. దాని చాటున దాక్కున్నాను. నువ్వు ఈ వయసులో ఇంజను గదిలోకి దిగావు, నేను రేవులో చెయ్యి ఊపాను. నువ్వు పడ్డ ఆ మెట్ల మీద నా పిరికితనం కూడా ఉంది. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను.

మన్నించమని అడుగుతున్నాను. కానీ సంతకం వెనక్కి తీసుకోను.

మంజూరు కాగితం గురువారం రాష్ట్ర రాజధాని ఒలింపియా నుంచి వచ్చింది. వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివాను. మీ నాన్నకు బ్యాంకు గడువు పెట్టింది, తౌనో. దీనికి గడువు మన బతుకే. మనకు పిల్లలు లేరు. ఈ ఇంటిని మచ్చ పడకుండా ఎవరికోసం దాస్తాం? నీ భుజం పెట్టి దాస్తామా? మనం పోయాక రాష్ట్రం తన వాటా తీసుకుంటే తీసుకోనీ. బతికున్నన్నాళ్ళూ ఇందులో ఇద్దరం ఉండాలి. ఇల్లు నిలబెట్టడానికి నువ్వు ఊరు వదిలి, నేనొక్కదాన్నే ఇందులో ఉంటే అది ఏం నిలబెట్టినట్టు?

నువ్వు ఆగస్టులో పన్ను కోసమని పంపిన డబ్బు కదిలించాను. అందులోంచి నీకు విమానం టికెట్టు కొన్నాను, కవరులో ఉంది. కోడియాక్ నుంచి అక్టోబరు పదిహేడున. నీ ఫోర్‌మన్‌తో బెనిగ్నో మాట్లాడేశాడు. "ముసలాయన్ని ఎప్పుడు పంపుదామా అని నేనే చూస్తున్నా" అన్నాడట ఆయన. కాబట్టి పని ఆగిపోతుందని నాకు చెప్పకు. పద్దెనిమిదిన భుజం చూపించడానికి డాక్టరు దగ్గర వేళ కూడా తీసుకున్నాను. బెనిగ్నో మీద అరవకు. అతనికి మన ఇంట్లో పొగబెట్టిన చేప ఒక డబ్బా పంపుతున్నాను, నువ్వు తెరవకు.

నా మీద కోపం వస్తుంది, నాకు తెలుసు. రానీ. దారిలో మింగేసి రావద్దు, మొత్తం వెంట తెచ్చుకో. పోర్ట్‌లండ్ విమానాశ్రయంలో నేనే కారు తెచ్చి నిలబడతాను. ఇంటికొచ్చాక వంటింట్లో కూర్చుని ఎంతసేపు అరుస్తావో అరుచుకో. నేనూ అరుస్తాను. అరుచుకోవడానికి మనకొక వంటిల్లు ఉంది, ఉంటుంది.

ఇట్లు,
నలభై నాలుగేళ్ళుగా నీ భార్య, ఈ ఇంటి యజమానురాలు,
లెంపి