నా పాసును రద్దు చేయించండి

మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
దేవరయాంజాల్ నివాసి, సివిల్ ఇంజనీరింగు మూడవ సంవత్సరపు విద్యార్థిని భవాని సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను తప్పిన పరీక్షలో నన్ను ఉత్తీర్ణురాలిగా ప్రకటించిన కళాశాలపై విచారణ జరిపి, నా ఫెయిలును నాకు తిరిగి ఇప్పించుట గురించి.

1. మేము చదువుచున్న ప్రైవేటు కళాశాలలో రెండేండ్లుగా 'విద్యార్థి' అను మాట వాడుకలో లేదు. మేము కస్టమర్లము. కార్యాలయమునకు కస్టమర్ కేర్ అని బోర్డు మార్చినారు. ప్రతి గది తలుపునకు ఒక క్యూఆర్ కోడు అతికించినారు. పాఠము ముగియగానే, బిర్యానీ తెచ్చినవానికి ఇచ్చినట్లు అధ్యాపకునికి స్టార్లు ఇయ్యవలెను.

2. నిర్మాణ శాస్త్రము బోధించిన గౌరయ్య గారికి స్టార్లు తక్కువ. వారు ప్రతివారి చేత వెదురు పుల్లలతో చిన్న దూలము కట్టించి, దానిపై ఇటుకలు పెట్టించేవారు. నాది విరిగినది. వక్తృత్వ పోటీలలో ఓటమి ఎరుగని దానను గనుక, ఇటుక తడిసి బరువెక్కినదనియు, బల్ల వంకరగా ఉన్నదనియు గొంతు ఎండువరకు వాదించితిని. వారు అంతయు విని, "మంచిగనే వాదిస్తున్నవ్ బిడ్డా. దూలం ఇనదు" అని సున్నా వేసినారు. రాత పరీక్షలోను తప్పితినని వారు దిద్దిన నా పత్రమునే చూపినారు. ఆ రోజు వారిపై పట్టరాని కోపము వచ్చినది. కాని ఆ కళాశాలలో నన్ను నేర్చుకొనగల మనిషిగా ఎంచి మాట్లాడినది వారొక్కరే.

3. ఫలితములు వచ్చినవి. నేను పాసు. గౌరయ్య గారు లేరు. కస్టమర్లను నొప్పించినందుకు వారిని తొలగించినారట.

4. కస్టమర్ కేర్‌కు పోయితిని. అక్కడ హర్ష అను రిలేషన్‌షిప్ మేనేజరు కలడు. "నేను ఫెయిలైన. పాసని పడ్డది" అంటిని. "మార్కుల కంప్లైంటేగా మేడమ్? నేను చూసుకుంటానండీ" అన్నాడు. మరునాడు ఫోనుకు సందేశము వచ్చినది: ఫిర్యాదు పరిష్కరించబడినది, ఫస్టు క్లాసు. ఎక్కువ వేసినారు మహాప్రభో అని ఈసారి కాగితముపై రాసి ఇచ్చితిని. డిస్టింక్షన్ వచ్చినది, అసౌకర్యమునకు చింతించుచు క్యాంటీనులో ఎగ్ పఫ్ కూపను కూడ పంపినారు. కూపను అతని బల్లపై కొట్టి నిలదీయగా, "తగ్గించమని ఇంతవరకూ ఎవరూ రాలేదండీ. మా దగ్గర ఆ బటనే లేదు" అన్నాడు. ఇంకొకసారి పోయినచో బంగారు పతకము అంటగట్టుదురను భయముతో తమ వద్దకు వచ్చితిని.

5. అంగడిలో కొన్నవాడు సరుకు పట్టుకొని పోవును. ఇక్కడ సరుకు నేనే. పగులు పూడ్చక, పైన రంగు పూసి, నన్ను నాకే అమ్మినారు. కస్టమరుది ఎన్నడును తప్పు కాదందురు. తన తప్పు తనకు తెలియనివ్వని చోట ఎవడైనను ఏమి నేర్చును? దీనినే మర్యాద అనుకొని నా తోటివారు మురియుచున్నారు. నాకు ఉమ్మివేయ బుద్ధి అగుచున్నది. అర్జీలో ఈ మాట తగదని తెలిసియు కొట్టివేయుట లేదు.

6. మా అమ్మ శంకరమ్మ స్లాబు పనికి పోవును. తలపై కాంక్రీటు తట్ట మోయును. డిస్టింక్షన్ సంగతి చెప్పగా, "మస్తుగున్నది బిడ్డా. మరి నువ్వు లెక్కగట్టిన ఇంటి కింద నన్ను నిలవడుమంటవా?" అన్నది. ఆ రాత్రియే ఈ అర్జీ రాయ కూర్చుంటిని.

7. మార్కులు కలెక్టరు పరిధిలోనివి కావని తమ కార్యాలయములో అనవచ్చును. అయ్యా, కప్పులు కూలునది మాత్రము తమ జిల్లాలోనే.

కావున నా ఉత్తీర్ణత రద్దు చేయించి, గౌరయ్య గారిని తిరిగి రప్పించి, వారి ఎదుట మరల దూలము కట్టు అవకాశము నాకు ఇప్పించగలరని ప్రార్థన. ఇవి డిస్టింక్షన్ పొందిన కస్టమరు మాటలుగా గాక, పరీక్ష తప్పిన విద్యార్థిని మాటలుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
భవాని
(ఫెయిలు)

తా.క.: సారూ, ఎల్లుండి మా అమ్మ నాగారంల కొత్త అపార్ట్‌మెంటుకు స్లాబు పొయ్యనీకి పోతాంది. పోకే అని మస్తు బతిలాడిన, ఇంటలేదు. అర్జీలన్నీ చూసెదాంక ఆగకుండ్రి. జల్దీ ఎవరినన్న పంపి ఆ పిల్లర్లు జర చూపియ్యిండ్రి. దాని లెక్కలు గట్టినోడు మా కాలేజోడే, పోయినేడు బయటికొచ్చిండు. గాయినది గూడ డిస్టింక్షనే.