నాలుగో వైపు బెంచీ

శాండ్ మౌంటెన్, అలబామా
ఏప్రిల్ 2003

అమ్మకు,

నాడీన్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, కోయ్ మామయ్యా, డెల్ఫా పిన్నీ, నువ్వు నాకప్పగించి వెళ్ళిన కుంటి కోడిపెట్టా అందరం క్షేమం. అక్కడ నువ్వూ, చెల్లీ, నీ కొత్త తుంటీ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే "నేనడిగిందొకటి, నువ్వు రాసిందొకటి" అని సాధిస్తావు. టమాటా నారు పోశాను, మొలకలు బాగానే వచ్చాయి. చర్చి కప్పు కారడం ఆగింది. మామయ్యే ఎక్కి రేకు వేశాడు. ఎక్కొద్దని అందరూ చెప్పాకే ఎక్కాడు, నీ తమ్ముడు కదా. ఉత్తరాన మీ డులూత్‌లో ఏప్రిల్‌లో కూడా మంచు కురుస్తోందంటే డెల్ఫా పిన్ని బుగ్గలు నొక్కుకుంది. ఇక చర్చి పాటల్లో పైగొంతు పాడే ట్రెబుల్ వైపు నీ చోట ఎవరు కూర్చుంటున్నారని అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను, కాస్త ఓపిక పట్టు.

నీ ఉత్తరంలో రెండు మాటలకు మాత్రం నాకు ఒళ్ళు మండింది. మన పాటల క్యాసెట్లు ఇక పంపొద్దన్నావు. "పక్కింటి వంట వాసన పీలిస్తే కడుపు నిండుతుందా" అన్నావు. సరే, అదైనా ఒప్పుకుంటాను. కానీ మే నెలలో మన పాటల రోజున, కదల్లేక ఇంట్లో పడి ఉన్నవాళ్ళ పేర్లు చదివేటప్పుడు నీ పేరు కూడా చదివించమన్నావే, అదేం కోరిక? చేతికర్రతో కొట్టుదాకా నడిచి వెళ్ళి, మొక్కజొన్న పిండి బాగాలేదని కొట్టువాడితో తగువు పెట్టుకుని వచ్చే మనిషివి. నీకు ఆ జాబితాలో ఏం పని?

చెల్లి చార్లీన్ ఫోనులో ఇంకో సంగతి కూడా చెప్పింది. గిన్నెలు కడిగేటప్పుడైనా నువ్వు కూనిరాగం తీయడం లేదట. పాడమ్మా అంటే, "ఒక్కదాన్ని పాడితే అది పాట కాదే, సణుగుడు" అన్నావట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నీ మాట తప్పని అనలేను. మన పాట నాలుగు వైపులా కూర్చున్నవాళ్ళది, ఒక్కరిది ఎప్పుడూ కాదు. అయితే మిగతా వైపుల వాళ్ళు నీ వంటింట్లోకే వస్తే ఏం చేస్తావు? ఈ ఆలోచన పట్టుకున్నాక నన్ను వదల్లేదు.

మేజోళ్ళ మిల్లు మూసేశాక సర్కారువాళ్ళు నన్ను కాలేజీలో చేర్చిన సంగతి నీకు తెలుసు. ఉత్తరాలు టైపు చేయడం నేర్పుతారనుకున్నాను. తీరా చూస్తే బొమ్మలూ, శబ్దాలూ, వీడియోలూ ఒకచోట పేర్చి, ఏ బటన్ నొక్కితే ఏం జరగాలో మనమే చెప్పే సాఫ్ట్‌వేర్ అది. చివరికి సీడీలో వేసి ఇస్తే ఎవరైనా వాళ్ళ కంప్యూటర్లో ఆడించుకోవచ్చు. మిల్లులో మిషన్ మొరాయిస్తే, మెకానిక్ వచ్చేలోపే మూత విప్పి లోపల ఏముందా అని తొంగిచూసి తిట్లు తినేదాన్ని కదా. ఇప్పుడు ఆ పనికే మార్కులు వేస్తున్నారు. నా పక్కన కూర్చునే ఆయన చేపల గాలాల బొమ్మల పుస్తకం చేస్తున్నాడు. నేను మన చర్చిని చేస్తానన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో తెరను స్టేజీ అంటారు. మూతి ముడవకు. "మనం స్టేజీలు ఎక్కం, ఒకరికోసం పాడం, మనకు మనమే పాడుకుంటాం" అంటావని తెలిసే, దాని మీద మన చర్చి నేలే గీశాను. చతురస్రంగా నాలుగు బెంచీలు. డెల్ఫా పిన్నివాళ్ళు రాగం పాడే టెనర్‌కు ఎదురుగా మా ఆల్టో, మామయ్యవాళ్ళ అడుగు గొంతు బాస్‌కు ఎదురుగా మీ ట్రెబుల్. నడుమ పాట నడిపించేవాళ్ళు నిలబడే ఖాళీ చోటు. ఒక బెంచీ మీద నొక్కితే ఆ వైపు గొంతులు ఊరుకోవాలి, మళ్ళీ నొక్కితే అందుకోవాలి. నేర్చుకునేవాళ్ళు తమ వైపు గొంతులు ఆపేసుకుని, ఆ బెంచీ మీద తామే కూర్చున్నట్టు పాడుకోవచ్చు. పాట ఏదంటావా, నువ్వు ఎప్పుడూ నిలబడి నడిపించే నీ పాటే. చెప్పడానికి ఇంతే. చేయబోతే తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట ఆదివారం నాడు ఒక్కో బెంచీ ముందు ఒక మైకు పెట్టాను. ఇంటికొచ్చి బాస్ నొక్కి ఆపితే, మామయ్య గొంతు ఆల్టో మైకులోంచి భేషుగ్గా వినిపిస్తోంది! ఆ సంగతి చెబితే గర్వంతో మీసం దువ్వాడు.

"నా గొంతుకి కంచె కడదామనుకున్నావేంటే పిల్లా? ఆవుల్ని ఆపిన కంచెలే నన్నాపలేదు."

ఇలా కాదని మా వెనక గది గోడలకు నీ బొంతలన్నీ వేలాడదీసి, ఒక్కో వైపు వాళ్ళను విడిగా పిలిచి పాడించాను. అమ్మా, అప్పుడు చూడాల్సింది మనవాళ్ళ అవస్థ. పుట్టి బుద్ధెరిగాక మామయ్య తన గొంతు ఒంటరిగా విన్నది అదే మొదటిసారి. వినిపిస్తే యంత్రం వైపు వేలు చూపించాడు.

"ఎవడే ఆ దూడ? తల్లి కనబడక అరుస్తున్నట్టున్నాడు."

"నువ్వే మామయ్యా."

"నేనెందుకవుతానూ! నీ యంత్రంలో ఏదో తేడా ఉంది, చూసుకో."

డెల్ఫా పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇన్నేళ్ళూ ఆ గొంతుకి ఎదురుగా కూర్చుని మీ అమ్మ ఆర్వెల్లా ఎలా భరించిందో!" అంది. తర్వాత తన వంతు వచ్చింది. తనది తను విని, చేతిసంచీ తీసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. మర్నాడు పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వచ్చి, ఆ రికార్డింగు ఎవరికైనా వినిపిస్తే నాతో మాట్లాడనని చెప్పింది.

అసలు గోల అన్నీ కలిపినప్పుడు మొదలైంది. శ్రుతికి ఇబ్బంది లేదు. మామయ్య పట్టిన శ్రుతిని క్యాసెట్టులో పెట్టుకున్నాను, అందరూ దాన్ని విని అందుకున్నారు. కానీ మాటలకు ముందు ఫా సోల్ లా అంటూ స్వరాలు పాడేటప్పుడే ఒకరు ముందూ ఒకరు వెనకా అయ్యారు. మాటల చివరికి వచ్చేసరికి మామయ్య పాట ముగించి గొంతు సవరించుకుంటున్నాడు, డెల్ఫా పిన్ని ఇంకా చివరి చరణంలోనే ఉంది. మా మాస్టారు కుర్రాడు, మంచివాడే. చెవుల్లో టిక్కు టిక్కుమని తాళం వినిపిస్తే కుదురుతుందన్నాడు. పెట్టి చూశాను. డెల్ఫా పిన్ని నాలుగు టిక్కులకే చెవుల్లోంచి పీకి పారేసింది.

"వడ్రంగిపిట్టతో కలిసి పాడతామా? చెయ్యేదే? ఎత్తే చెయ్యి, దించే చెయ్యి కనబడకుండా ఎట్టా పాడమంటావు?"

అప్పుడు వెలిగింది నాకు. మనవాళ్ళు తాళాన్ని చెవితో పట్టరు, కంటితో పడతారు. నడుమ నిలబడిన మనిషి చెయ్యి ఎంత నెమ్మదిగా దిగితే పాట అంత నెమ్మదిగా నడుస్తుంది. ఆ మనిషి ఊపిరి తీసుకుంటే అందరూ తీసుకుంటారు. అయితే ఇప్పుడు కావలసింది ఒకే చెయ్యి, అందరికీ ఒకేలా కనబడే చెయ్యి. మామయ్యను నిలబెడితే రోజుకో వేగంతో ఊపాడు. చివరికి ఒక చెయ్యి దొరికింది. ఆ చెయ్యి ఉన్న టేపు టీవీలో పెట్టి, శబ్దం తీసేసి, ఒక్కో వైపు వాళ్ళను దాని ముందు కూర్చోబెట్టాను. కలిపి చూస్తే అన్నీ ఒకేచోట మొదలై ఒకేచోట ముగిశాయి. ఆ చెయ్యి ఎవరిదో కూడా చివర్లో చెబుతాను.

తర్వాత బటన్ల తంటా. బెంచీ నొక్కితే ఆ శబ్దం ఆగిపోవాలని నేను రాశాను. ఆగింది. మళ్ళీ నొక్కితే మొదటికొచ్చి పాడటం మొదలుపెట్టింది! టెనర్ చివరి చరణంలో ఉంటే బాస్ స్వరాల దగ్గరుంది. చాలా కుస్తీ పట్టాక తెలిసింది, అసలు ఆపకూడదని. అన్నీ ఒకేసారి మొదలై చివరిదాకా నడుస్తూనే ఉండాలి. నొక్కినప్పుడు వాటి వాల్యూమ్ మాత్రం సున్నాకు దించాలి. అప్పుడు గొంతు వినబడదు గానీ పాట లోపల సాగుతూనే ఉంటుంది, మళ్ళీ నొక్కితే ఉండాల్సిన చోటే ఉంటుంది. ఇది కనుక్కున్న రోజు ఇంట్లో ఒక్కదాన్నే గంతులేశాను. మామయ్యకు విడమరచి చెబితే ఆయన వింతేమీ పడలేదు.

"ఓస్, ఇంతేనా! గొంతు పోయిన రోజు మనం బెంచీ మీద కూర్చుని ఉత్త చెయ్యి ఊపుతూ పోమూ? నోరు మూసుకున్నంత మాత్రాన పాటలోంచి లేచిపోయినట్టా?"

ఆ మాట నాలో నాటుకుపోయింది. నీ గురించే అనిపించింది, ఎందుకు దాచాలి.

అంతా అయ్యాక మామయ్యనూ డెల్ఫా పిన్నినీ పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. మామయ్య మొట్టమొదట చేసిన పని డెల్ఫా పిన్ని బెంచీ నొక్కి ఆవిడ నోరు మూయించడం. "ముప్ఫై ఏళ్ళ కోరికే ఇది!" అన్నాడు. ఆవిడ వెంటనే మౌస్ లాక్కుని ఈయన్ని మూయించింది. రాగమంతా టెనర్‌దే కాబట్టి తన బెంచీ పెద్దదిగా గీయాలని కూడా అంది. కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయాక మామయ్య తన వైపు ఆపేసుకుని, టోపీ తీసి పక్కన పెట్టి, మిగతా గొంతులతో కలిసి పాడాడు. అయిపోయాక తెర మీద ఎదుటి బెంచీ చూపించాడు. "నాకు ఎదురుగా ఏం వినబడటం లేదే, నాడీన్" అన్నాడు.

ఇక నీ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. అమ్మా, నీ చోట ఎవరూ కూర్చోవడం లేదు. నీ పక్కన కూర్చునే యూలీన్ జనవరిలో పోయిందని రాశాను కదా. ఆమె కోడలు పిల్లలతో జార్జియా వెళ్ళిపోయిందని మాత్రం రాయలేదు. ట్రెబుల్ వైపు ఇప్పుడు ఒక్కరూ లేరు. మామయ్య తన టోపీని నీ బెంచీ మీద పెట్టి, వెళ్ళి ఎదురుగా కూర్చుంటాడు, మరీ ఖాళీగా కనబడకుండా. నేను చేసిన చతురస్రంలో పాడింది మూడు వైపులే. నీకు బాధ కలుగుతుందని దాచాను. ఇంకోటి కూడా దాచాను. మూడు వైపులతో ఎన్నాళ్ళని, ఈ మే నెల పాటల రోజే ఆఖరిది చేద్దామని పెద్దలు అనుకుంటున్నారు.

మిల్లులో నా అటూ ఇటూ మిషన్ల మీద పనిచేసిన ఇద్దరు, రోవీనా, పట్రీషా, ట్రెబుల్ నేర్చుకుంటామని వస్తున్నారు. గొంతులున్నాయి, ఓపికుంది. కానీ గట్టిగా పాడేవాళ్ళ పక్కన కూర్చుంటే తప్ప మన పాట ఎవరికి వచ్చింది? నాకెలా వచ్చింది? పుస్తకం చూసి పాడమంటే ఆల్టోలోకి జారి నా ఒళ్ళో పడుతున్నారు. వాళ్ళకు పక్కన కూర్చునే మనిషి కావాలి. వాళ్ళు నిలబడితే పాటల రోజు నిలుస్తుందని పెద్దలతో నేను వాదించి వచ్చాను. ఏ ధైర్యంతో వాదించానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఈ డబ్బాలో సీడీ ఉంది, చిన్న మైకు ఉంది. చార్లీన్ కంప్యూటర్లో పెడుతుంది. మేం చెవుల్లో వినిపించేలా చేసి, నీ గొంతు ఒక్కటే రికార్డు చేసి నాకు పంపమని దానికి వేరే కాగితం మీద అంతా రాశాను. తెర మీద చతురస్రం వస్తుంది. మూడు వైపులా మేమున్నాం. నాలుగో బెంచీ నొక్కితే ఏమీ వినబడదు, పాడవలసింది నువ్వే. నీ గొంతు వచ్చాక ఆ బెంచీలో పెట్టి, రోవీనావాళ్ళను దాని పక్కన కూర్చోబెడతాను.

నడుమ ఒక చెయ్యి లేస్తూ దిగుతూ కనబడుతుంది. నీలం పూల చొక్కా చెయ్యి, మణికట్టు మీద పచ్చడి సీసాలు మరిగిస్తూ కాల్చుకున్న మచ్చ. నువ్వు ఈ పాట నడిపిస్తుంటే కెమెరా పట్టుకుని వచ్చిన ఆ పెద్దమనిషిని "నా మొహం తీస్తే ఊరుకోను" అని కసిరావు, గుర్తుందా? పాపం భయపడి కెమెరా దించేశాడు, పాటంతా నీ చెయ్యే తీశాడు. ఆయన పంపిన టేపు నువ్వు బొంతల అడుగున దాచావు. గోడలకు కడదామని బొంతలు తీసిన రోజే కంటబడింది, చెయ్యి కావలసి వచ్చాక గుర్తొచ్చింది. నిన్నడక్కుండా వాడుకున్నాను. మామయ్య మొదటిసారి టీవీలో చూసి "అక్కయ్య!" అన్నాడు, ఆ పూట ఇంక పాడలేకపోయాడు. మేమంతా ఆ చెయ్యి చూసే పాడామమ్మా. పాడనిది దాని మనిషి ఒక్కతే.

కదల్లేనివాళ్ళ పేర్లు చదివే పని ఈ ఏడు నాకే అప్పగించారు. అందులో నీ పేరు రాయలేదు, రాయను. కోపం వస్తే ఆ కోపంతోనే పాడు. కోపంలోనే అక్కయ్య గొంతు బాగా లేస్తుందని మామయ్య పక్కనుంచి అంటున్నాడు.

ఇట్లు,
నీ పక్క బెంచీలో ఆల్టో పాడే
నీ పెద్దకూతురు
నాడీన్