పద్మ సముద్రం చల్లబడింది

1988, ఆదివారం రాత్రి

మద్రాసు బస్సు దిగుతూనే మా అమ్మాయి పద్మ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కంప్యూటర్‌లో సముద్రాన్నీ గాలినీ లెక్కలుగా జతకట్టి నడిపి చూసే పని దానిది. నడిపినప్పుడల్లా సముద్రం కాగిపోయేది. సముద్రం లెక్కలవాళ్లూ గాలి లెక్కలవాళ్లూ తప్పు మీదంటే మీదని తగువు. ఈసారీ కాగితే పని ఆపేస్తామన్నారు పైవాళ్లు. నా తల్లి ఇద్దరినీ సర్ది నడిపింది, సముద్రం చల్లగా నిలిచింది.

ఆనందం పట్టలేక మా ఊరి రేవు తేంగాయితిట్టులో చేపల వేలం దగ్గర మైసూర్‌పాకు పంచాను. వేలం పాడే గోపాలు నములుతూనే అడిగాడు. "ఆ సముద్రంలో చేపలుండాయా మామా?"

"లేవురా."

"మరేం సముద్రం మామా అది?"

ఆ మాట గుచ్చుకుంది. ఇంటికొచ్చి, నీ సముద్రంలో చేపల్ని కూడా వెయ్యమ్మా అన్నాను.

పద్మ దండం పెట్టింది. "వద్దు నాయనా. చేపల లెక్కలవాళ్లు కూడా తగువుకి దిగుతారు."