మీరు అడిగిన జీవిత విశేషాలు

దార్సైట్, మస్కట్

అన్నయ్యకు, తమ్ముడు శ్రీధర్ నమస్కరించి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. మీరూ వదినా కుశలమని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? ప్రచారంలో ఇంటింటి మెట్లూ ఎక్కవద్దని డాక్టర్ చెప్పాడని వదిన అంది. జాగ్రత్త. మీ దగ్గరున్న నా బిడ్డ మౌనిక సంగతి రోజూ తనతోనే ఫోన్‌లో మాట్లాడుతున్నాను కనుక ఇక్కడ అడగను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని అనుకోవద్దు. ఫోన్‌లో మీరు మాట్లాడతారు, నేను వింటాను. చిన్నప్పటి నుంచీ అంతే. జగిత్యాల మనిషి ఒకాయన సెలవు మీద వస్తుంటే ఆయన చేత పంపుతున్నాను.

సలాలా పక్కన రైసూత్ పోర్టులో స్టోర్స్ పని వదిలి ఇక్కడ కంపెనీ ఆఫీసుకు మారాను. అక్కడ తుంపర మొదలైంది. సలాలా కొండలు పచ్చబడితే చూడటానికి జనం కార్లు వేసుకుని వస్తారు. ఇక్కడ మాత్రం ఎండకు బస్ స్టాప్‌లో ఇనుప బెంచీ మీద కూర్చోలేం. వంట నేనే చేసుకుంటున్నాను. పప్పు కుదురుతోంది. సుజాత చేసే పచ్చిపులుసు కుదరలేదు. ప్రయత్నం మానేశాను. ఆరోగ్యానికేమీ లోటు లేదు. బాగానే ఉన్నాను.

రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. రెండో గది మౌనికకు. బడి దగ్గరే, సీటు దొరికింది. వీసా కూడా వచ్చింది. ఇక కావలసింది తన పాస్‌పోర్టు ఒక్కటే. అది మీ బీరువాలో ఉంది.

పోయిన వారం పాస్‌పోర్టు గురించి అడిగితే మీరు అన్న మాటలు నాకు గుర్తున్నాయి. "ఏడికి వోతది, నా దగ్గర్నే భద్రంగున్నది. ముందుగాల నా పని చూడు. మొగడు తొవ్వల ఉండంగనే బావ కొరివి వెట్టిండని ఊరూర చెప్తున్రు. నేనే వెట్టుమన్న అని నువ్వొక్క ముక్క రాయి. ప్రచారం పుస్తకంల ఏస్తం. ఎట్లాగు నువ్వు చదువుకున్నోనివి, నా జీవిత విశేషాలు గూడ నువ్వే రాయి. పైసలిచ్చి రాయించినట్టు ఉండొద్దు."

పైసలిచ్చి రాయించినట్టు ఉండదు. పనికొచ్చినంత వాడుకోండి.

మన నాన్న మున్సిఫ్ కోర్టు మెట్ల మీద కూర్చుని అర్జీలు రాసేవాడు. ఆ సంపాదనతోనే మీరు హైదరాబాదులో లా చదివారు. నల్లకోటు వేసుకున్న మొదటి రోజు ఆ మెట్ల మీదుగానే లోపలికి వెళ్ళారు. మిమ్మల్ని చూసి నాన్న లేచి నిలబడ్డాడు. మీరు ఆగలేదు. ఇంటికి వచ్చాక, రేపటి నుంచి ఇంకెక్కడైనా కూర్చొమ్మని ఆయనతో చెప్పారు. క్లయింట్లు చూస్తున్నారట. మర్నాటి నుంచి నాన్న తహసీల్ ఆఫీసు దగ్గర కూర్చున్నాడు.

భూమి పంపకాల కేసుల్లో మీకు పేరొచ్చింది. కొట్టుకు చచ్చే అన్నదమ్ములను కూర్చోబెట్టి రాజీ చేయడంలో మీ అంతటివాడు జిల్లాలో లేడనేవారు. నిజమే. ఎవడికి ఏది పోతే నొప్పో మీకు ముందే తెలిసేది.

తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన మనవాళ్ళ కేసులు పట్టారు. శవాలను తెప్పించడానికి కాగితాలు నడిపారు. శంషాబాద్‌లో పెట్టె దిగే వేళకు మీరు, మీ వెనక ఫోటోలు తీసేవాడు. వాటితోనే సర్పంచ్ అయ్యారు, జడ్పీటీసీ అయ్యారు. ఇప్పుడు అసెంబ్లీ టికెట్. కొన్ని కుటుంబాలకు మీరు నిజంగా మేలు చేశారు. అదీ రాస్తున్నాను.

రైసూత్‌లో మా స్టోర్స్‌లో మల్లేశం అని నిజామాబాద్ మనిషి ఉండేవాడు. నేను మీ తమ్ముడినని తెలిసి ఒకరోజు అన్నాడు. "మీ అన్న మంచోడు సార్. మనం సస్తే శంషాబాద్ దాకా అస్తడు. బతికున్నోనికే ఫోన్ ఎత్తడు. మా రూమ్‌ల ఎవలకన్న పానం మంచిగ లేకుంటే, సావురా, లాయర్ సాబ్ అస్తడని నవ్వుకుంటం." నేనూ నవ్వాను. అప్పటికి సుజాత ఉంది.

పుస్తకంలో సుజాత గురించి కూడా ఉండాలన్నారు. రాస్తున్నాను. కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమె మీ ఎదుట కూర్చోలేదు. మీరు గుమ్మంలో అడుగుపెడితే వంటింట్లోకి వెళ్ళేది. మీ చాయ్ మౌనిక చేతికిచ్చి పంపేది. మీరేదైనా అడిగితే తలుపు చాటు నుంచి జవాబు చెప్పేది. ఈ రోజుల్లో ఇదేం పద్ధతని నేను నవ్వితే, "మీ అన్నతోని మీరు ఎట్లన్న ఉండుర్రి. నాకు బావ. నా మర్యాద నాకుండనియ్యుర్రి" అంది. ఆమె ముఖం మీరు సరిగ్గా చూసింది పాడె మీదే అనుకుంటాను.

మెదడులో నరం చిట్లి సుజాత చనిపోయిందని కబురు అందగానే బయలుదేరాను. సలాలా నుంచి మస్కట్, అక్కడి నుంచి హైదరాబాద్. దిగగానే మీకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా ఆపండి అన్నాను. "నువ్వు నిమ్మళంగా రా, నీ కోసమే ఉన్నం" అన్నారు. మీ పార్టీ పెద్దాయన పరామర్శకు వచ్చాడు. ఆయనకు వేరే ఊళ్ళో ప్రారంభోత్సవం ఉందట. ఆయన పాడె ముందు నడిస్తే మీకు ఫోటో. ఆయన వెళ్ళేలోగా అంతా అయిపోవాలి. "బాపు అస్తుండు పెద్దబాపూ, జరసేపు ఆగుర్రి" అని మౌనిక మీ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని, అదే చేత్తో కొరివి పట్టుకున్నారు. నేను శ్మశానానికి చేరేసరికి తలవైపు కట్టెలు కూలిపోయాయి.

పెట్టెలో వచ్చేవాళ్ళ కోసం తెల్లవార్లూ ఎయిర్‌పోర్టులో కాచుకున్న మనిషి మీరు. నేను ప్రాణంతో వస్తున్నాను. అదొక్కటే నేను చేసిన పొరపాటు.

మీ ఎదుటి వర్గం మనిషి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేనేమీ చెప్పలేదు. చెప్పలేక కాదు. చెబితే మీకు టికెట్ పోతుంది, సుజాత రాదు. మౌనిక మీ ఇంట్లోనే ఉండిపోతుంది.

కనుక మీకు కావలసిన ముక్క ఇదిగో. "నేను సమయానికి రాలేనని తెలిసి, నా భార్య అంత్యక్రియలు మా అన్నయ్య చేతుల మీదుగా జరిపించమని నేనే కోరాను." ఇందులో ఒక్క అక్షరం నిజం లేదు. అయినా మీకు పనికొస్తుంది. దీని కింద నా సంతకం ఇప్పుడు లేదు. మౌనిక మస్కట్‌లో దిగిన రోజు పెట్టి పంపుతాను. పాస్‌పోర్టు తనకివ్వండి. విమానం దాకా వదిన వస్తే చాలు. మీరు రావద్దు, ఫోటోలు వద్దు. రాజీ ఇదే.

వదినకు నా నమస్కారాలు. మౌనిక చలికోటు ఒకటి మీ ఇంట్లో ఉంది, అది అక్కర్లేదని చెప్పండి, ఇక్కడ చలి ఉండదు. పెద్దలందరినీ అడిగానని చెప్పండి. ఉత్తరం చివర మీ ఆశీస్సులు కోరడం ఆచారం. ఈసారికి మన్నించండి.

పుస్తకం అచ్చయ్యాక ఒక్క ప్రతి కూడా ఇక్కడికి పంపకండి. మౌనికకు తెలుగు చదవడం వచ్చు.

మీ తమ్ముడు,
శ్రీధర్