మా సింగడి మెడలో మీ పేరు

ప్రత్యూష మేడమ్‌కు,

మా కుక్క సింగణ్ణి సూది వేయించడానికి తీసుకుపోతే, పశువుల డాక్టరు వాడి మెడమీద మిషను పెట్టి చూసినాడు. తోలు కింద చిప్పు ఉందనీ, దాని నెంబరుతో మీ పేరూ, అడ్రసూ, ఫోనూ తెలిసినాయనీ చెప్పినాడు. నిన్న ఆయన దగ్గర నా నెంబరు తీసుకొని మీరు ఫోను చేసి "బ్రూనో, బ్రూనో" అని ఏడుస్తుంటే ఫోను కట్ చేసేసినాను. అందుకే ఈ ఉత్తరం.

తుపానులో పులికాట్ ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పటి నుంచి వాడు మా బిడ్డే. మా ఆయన కంటే ముందు పడవలో వాడెక్కాల. చిప్పుంటే మాత్రం మీ కుక్కయిపోతుందా అని మా ఆయనతో పోట్లాడినాను.

కానీ ఫోనులో మీ గొంతు వినగానే సింగడు వాకిట్లోకి పరిగెత్తినాడు. చేప పెట్టినా ముట్టకుండా, అక్కడే కూర్చొని రోడ్డుకేసి చూస్తా ఉండాడు.

తొందరగా రండమ్మా. వాడు మళ్లీ నాకేసి తిరిగినాడంటే, నేను ఇవ్వలేను.