అరచేతిలో నేర్చిన పలుకు

క్లాంగ్

అమ్మకు, ఫెలీషియా రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మనవరాలు కాథరిన్ నీతో తెలుగులో మాట్లాడదని అంతలా బెంగపడకు, ఒక దారి దొరికింది.

నేను పగలు చూసుకునే ముసలావిడ తైవాన్ నుంచి మలేషియాకి కోడలిగా వచ్చిన మనిషి. ఇప్పుడు ఆవిడ కంటికి అక్షరాలు ఆనడం లేదు, నన్ను చదివి వినిపించమంటుంది. ఆవిడ ప్రార్థనల పుస్తకంలో వాళ్ళ భాష ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది, అచ్చుల నెత్తిన మాత్రం చిన్న చిన్న గీతలు. ఆ గీతలు వదిలేసి, మలయ్ చదివినట్టు గడగడా చదివాను. "సలా, సలా!" తప్పు తప్పు అని మలయ్‌లో కసిరింది. నా చెయ్యి లాక్కుని, ఏ గీతకి గొంతు లేవాలో, దేనికి దిగాలో అరచేతిలో వేలితో గీసి చూపించింది. మళ్ళీ చదివాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా నాతో గొంతు కలిపింది.

ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసుకుని ఇంట్లో చదువుకుంటుంటే కాథరిన్ వింది. "అమ్మా, తెలుగు కూడా ఇలాగ రాసియ్యి లా, నాను సదువుతాను" అని, చివర మలయ్ "లా" తగిలించి, వచ్చీరాని తెలుగులో అంది.

అందుకని, పడుకునే ముందు నువ్వు చెప్పే ప్రార్థన మొత్తం రాసి పంపు. నాకు సగమే గుర్తుంది. దాన్ని కాథరిన్‌కి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తాను. మోకాలికి నూనె రాస్తున్నావా, సీసా అలాగే ఉందా? పైకప్పు కారుతోందని తమ్ముడు సామ్సన్‌కి చెప్పు, వాడికి కోపమొస్తుందని ఊరుకోకు. ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

బడి సెలవులకి తెలుక్ ఇంటాన్‌కి, నీ దగ్గరికి వస్తాం. కాథరిన్ నీ పక్కన కూర్చుని ఆ ప్రార్థన చదువుతుంది. తప్పు పలికితే నవ్వకు. దాని చెయ్యి నీ చేతిలోకి తీసుకో.

నీ ఫెలీషియా